ఒత్తులు పోయిన పుస్తకం

నేను ఏడో తరగతి దాకా బడిలో చదివాను. ఆ తర్వాత చదివిందంతా వేళ్ళతో చదివాను. నాచారం పారిశ్రామికవాడ పక్క సందులో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ ఆపరేటరుగా కూర్చున్నాక పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, డబ్బాల మీది లేబుళ్ళు, యూనియన్ నోటీసులు, ఎవరో మాస్టారి పద్యాలు, వచ్చినదల్లా కొట్టాను. కామా ఎక్కడ పెట్టాలో, మా ఇంట్లో 'వచ్చిన్రు' అనేదాన్ని పుస్తకంలో 'వచ్చారు' అని రాస్తారని, అలాగే తెలిసింది. ఇప్పుడు మెడ వంగడం లేదు. తెర ముందు కూర్చుంటే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పని మానేశాను.

మా వరుసలో రెండిళ్ళ అవతలి అమ్మాయి ఈ మధ్యే ఈ పనిలో చేరింది. "అత్తా, నువ్వు గన్నేండ్లు జేసినవ్ గదా, నాకేమన్న జెప్పు" అంది. కీబోర్డు ఎవరైనా నేర్పుతారు. పేజీ కట్టడం చూస్తూ ఉంటే వస్తుంది. నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది, అది సంతోషపెట్టే సంగతి కాదు. మా నాయిన మాటలన్నీ ఒక ఫైలులో దాచుకున్నాను. ముగ్గురు మంచివాళ్ళు, మంచి మనసుతోనే, ఏ కంప్యూటరు భద్రమైనదని వాదించుకుని, ఆ ఫైలును భద్రం చేయబోయి పాడుచేశారు. అదే రాస్తున్నాను.

ప్రెస్సు

యజమాని ప్రసాదరావు గారు తెనాలి వైపు మనిషి. ఆయనకు కోపం వస్తే మర్యాద పెరిగేది. "తమరు కాస్త బయటికి దయచేస్తారా" అన్నారంటే ఆ కస్టమరు మళ్ళీ గడప తొక్కకూడదని అర్థం. నన్ను 'అమ్మా' అనకుండా ఏనాడూ పిలవలేదు. ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ కుదిరేది కాదు. ఎవరైనా వచ్చి తమ మాటల్లో చెబుతుంటే నేను ఉన్నదున్నట్టు కొట్టేదాన్ని. ఆయన వెనక నుంచి తొంగి చూసేవారు.

"అమ్మా స్వరూపా, నిద్దర కాదమ్మా, నిద్ర. సూడు కాదు, చూడు. అచ్చులో పడే మాట శుద్ధంగా ఉండాలి."

"ఆయన గట్లనే అన్నడు సార్."

"ఆయన అంటాడమ్మా. మనం అనకూడదు."

దిద్దేదాన్ని. అనగా అనగా కొన్నాళ్ళకు నా వేళ్ళే దిద్దడం మొదలుపెట్టాయి. చెవిలో 'నిద్దర' పడేది, తెర మీద 'నిద్ర' వచ్చేది, మధ్యలో నాకు తెలిసేదే కాదు.

ఈ పనిలో ఉన్న విచిత్రం కూడా చెప్పాలి. మా వాళ్ళు నా జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటారు. ఏ పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో, ఎవరు ఎవరిని ఏమన్నారో ఇప్పటికీ చెబుతాను. కానీ నేను కొట్టిన పేజీల్లో ఒక్క వాక్యం గుర్తుండదు. చెవిలోంచి తిన్నగా వేళ్ళలోకి పోయే మాట తలలో ఆగదు. ఆగితే పని జరగదు.

ప్రెస్సులో రెండు కంప్యూటర్లు. రెండింటిలోనూ విండోసే. పని మధ్యలో తెర ఉన్నట్టుండి నీలంగా మారిపోయి ఇంగ్లీషులో ఏదో తిట్టినట్టు రాసేది. అప్పుడు ఉప్పల్ నుంచి యాదన్న వచ్చేవాడు. రింగురోడ్డు దగ్గర మెకానిక్కు షాపు ఆయనది. ఆయన సంచిలో ఒక సీడీ, దాని మీద మార్కరు పెన్నుతో 'ఒరిజినల్' అని తనే రాసుకున్నాడు. ఏ జబ్బుకైనా ఆయన మందు ఒకటే.

"ఫార్మాట్ కొడదాం చెల్లె. ఓయస్ మల్ల కొత్తగ ఎక్కిద్దాం."

ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా తుడిచేయడం, ఓయస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్. మా సందులో అందరూ దాన్ని 'ఎక్కించేవాళ్ళు', అమ్మవారు పూనినట్టు.

తెలుగు రావాలంటే ఇంకొకటి ఉండాలి. బొటనవేలంత లాకు. దాన్ని కంప్యూటరు వెనక గుచ్చితేనే తెలుగు సాఫ్ట్‌వేరు తెరుచుకునేది, తెరుచుకుంటేనే ఫాంట్లు పనిచేసేవి. ప్రసాదరావు గారు దాన్ని రోజూ తీసి బీరువాలో పెట్టేవారు.

ఫైళ్ళకు నకళ్ళు కూడా మా పద్ధతిలోనే ఉండేవి. దసరాకు ఆయుధపూజ నాడు యంత్రానికి పని చెప్పకూడదు కాబట్టి, ముందు రోజే ఫైళ్ళన్నీ సీడీల్లోకి ఎక్కించి, ఆ సీడీలకు కూడా పసుపూ కుంకుమా పెట్టి దాచేవాళ్ళం. ఏడాదికి ఒకసారి. ఎవరికీ అది తప్పనిపించలేదు. దేవుడికి ఏడాదికోసారి సరిపోయినప్పుడు కంప్యూటరుకు సరిపోదా అనుకున్నాం.

నాయిన నా వీపుతో మాట్లాడాడు

మా నాయిన భువనగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి నాచారంలో ఇనుము పోత పోసే ఫ్యాక్టరీలో చేరాడు. ఇసుకతో అచ్చు కట్టడం ఆయన పని. కరిగిన ఇనుము అందులో పోస్తారు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చాలా ఏళ్ళ తర్వాత, దసరా వెళ్ళిన కొద్ది రోజులకు, ఆయన గొంతులో పుండు అని తేలింది. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు అన్నారు దవాఖానాలో.

ఇంటికి వచ్చి నాయిన అన్నం తినకుండా కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"సొరూపా, అందరియి కొడ్తవు గదా. నాయి కొట్టవా?"

"ఏం గొట్టాలె నాయినా?"

"నేను మాట్లాడుత. నువ్వు కొట్టు. గొంతు పోయేలోపు."

టేపురికార్డరు తెచ్చి పెడితే దాని ముందు బిగుసుకుపోయి దగ్గాడు. ప్రెస్సులో నేను తెర వైపు తిరిగి కూర్చుంటే మాత్రం, వెనక స్టూలు మీద కూర్చుని నా వీపుకు చెబుతున్నట్టు ధారగా చెప్పేవాడు. మధ్యాహ్నాలు పని తక్కువ. ప్రసాదరావు గారు అభ్యంతరం చెప్పకపోగా టీ తెప్పించేవారు. అచ్చు పెట్టెలు, బట్టి, ఇసుకలో నీళ్ళు ఎక్కువైతే ఇనుము ఎలా చిమ్మేదో, ఎవరి కాలు ఎలా కాలిందో, సూపర్‌వైజరును ఎలా తిట్టాడో. ఎక్కువగా మస్తాన్ గురించి. మస్తాన్ బట్టి దగ్గర పనిచేసేవాడు, నాయినకు ప్రాణస్నేహితుడు. ఫ్యాక్టరీ మూసిన ఏడాదికే పోయాడు.

నాయిన కూడబలుక్కుని చదివేవాడు, సంతకం వరకు రాసేవాడు. అంతకు మించి రాయలేడు. అంటే ఆపరేషన్ తర్వాత ఆయన లోపల ఉన్నది బయటికి రావడానికి దారే లేదు. ఆ ఫైలే ఆయన గొంతు. మొదటి కొన్ని పేజీలు వాడిన కాగితాల వెనక ప్రింటు తీసి చూపించాను. మురిసిపోయాడు. "అంతా అయినంక ఒక్కసారే తియ్యి బిడ్డా, బుక్కు లెక్క" అన్నాడు. చివరి పేజీ చెప్పిన వారంలో దవాఖానాలో చేర్చాం. ఇక ప్రింటు సంగతి ఎవరికి గుర్తుంటుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మధ్య చిల్లు, దాని మీద గుడ్డ. నాయిన బతికాడు. మాట పోయింది.

ముగ్గురి వాదన

ఆ తర్వాతి ఎండాకాలం ఎన్నికల కరపత్రం కోసం వచ్చినవాడి పెన్‌డ్రైవు నుంచి మా కంప్యూటర్లలోకి వైరస్ వచ్చింది. ఫోల్డర్లు తెరిస్తే ఖాళీ. యాదన్న ఒక రోజంతా కూర్చుని ఫైళ్ళు బయటికి లాగాడు. ఆ వారంలోనే మరో పుకారు. దొంగ సాఫ్ట్‌వేర్ వాడే షాపులను తనిఖీ చేస్తున్నారని ఎదుటి జిరాక్స్ షాపతను షట్టరు దించుకుని వెళ్ళిపోయాడు. ప్రసాదరావు గారు రెండు కంప్యూటర్ల మీదా దుప్పటి కప్పి, పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు. దుప్పటి కింద ఫ్యాను గుర్రుమంటూనే ఉంది.

అప్పుడు వచ్చాడు శ్రీకాంత్. ఉప్పల్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, సూర్యాపేట వైపు కుర్రాడు. పెళ్ళిపత్రిక మా దగ్గరే వేయించాడు, అప్పటి నుంచి సెలవు రోజుల్లో టీ తాగడానికి వచ్చేవాడు.

"రావు గారూ, దొంగతోనే తాళంచెవి చేయించుకుని, ఇంట్ల దొంగలు పడ్డరని ఏడిస్తే ఎట్లండీ? ఈ విండోస్ తీసేయండి. లినక్స్ వేసుకోండి. వైరస్ బాధ ఉండదు, తనిఖీ భయం ఉండదు."

యాదన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "సారూ, లినక్స్ మస్తుంటది, నేను కాదంట లేను. గని ఖరాబైతే ఎవల్ని పిల్వాలె? విండోస్ బాగజేసేటోడు గల్లికొకడున్నడు. లినక్స్ బాగజేసేటోడు ఉప్పల్ మొత్తానికి మీరొక్కలే. మీరేమో ఆఫీసుల ఉంటరు."

"ఖరాబే కాదన్నా."

"ఖరాబ్ గాని మిషిని నేనింత వరకు సూడలె సారూ. మనిషిని గూడ సూడలె."

"ఖర్చెంతండీ?" అన్నారు ప్రసాదరావు గారు.

"ఏం లేదు. ఉచితం."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఉచితం అన్న మాట ఆయన్ని భయపెట్టింది. "ఉచితంగా ఇచ్చేవాడికి ఏం మిగులుతుందండీ?"

"ఏం మిగలదు. ప్రపంచంల నలుగురు కూడి చేసిన్రు, అందరు వాడుకోవచ్చు."

"మరి చెడితే ఆ నలుగురిలో ఎవర్ని తిట్టాలి?"

యాదన్న పగలబడి నవ్వాడు. "నన్ను తిట్టుండ్రి సార్, అలవాటే గదా."

ఈ వాదన వారాల తరబడి సాగింది. భద్రత అని ఒకరు, ఖర్చు అని ఒకరు, నమ్మకం అని ఒకరు. ముగ్గురిలో ఎవరూ తెలివితక్కువవాళ్ళు కారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. నన్నెవరూ అడగలేదు. అడిగినా లినక్సే కావాలనేదాన్ని. నీలం తెరతో అంత విసిగిపోయాను. అక్షరం గురించి మాత్రం ఎవరమూ మాట్లాడలేదు. తెలుగు అక్షరం ఆ యంత్రం లోపల ఎలా కూర్చుని ఉందో మాలో ఎవరికీ తెలియదు, తెలియదన్న సంగతి కూడా తెలియదు.

చివరికి తనిఖీ భయమే గెలిచింది. లినక్స్ వేద్దామన్నారు ప్రసాదరావు గారు.

ఉత్త అక్షరాలు

ఆదివారం పొద్దున అందరం ప్రెస్సులో చేరాం. పాత ఫైళ్ళన్నిటినీ ముందు 'ప్లెయిన్ టెక్స్ట్'గా మార్చాలన్నాడు శ్రీకాంత్.

"అంటే ఏంది సార్?" అని అడిగాను.

"సైజులు, సోకులు అన్నీ తీసేస్తే ఉత్త అక్షరాలు మిగుల్తయి అక్కా. ఉత్త అక్షరాలను ఏ వైరస్సూ పట్టదు. ఏ సిస్టమైనా తెరుస్తది. మీ మనవలు తెరిచినా తెరుచుకుంటది. మీ నాయినది ఉందన్నరు గదా? అదే మొదలు చేద్దాం."

తనకు తానుగా అన్నాడు ఆ మాట. నాకు కళ్ళు చెమర్చాయి.

ఏదో ప్రోగ్రాము నడిపాడు. ఫైళ్ళ పేర్లు తెర మీద చీమల్లా పాకాయి. అయిపోయాక నాయిన ఫైలు తెరిచాడు. అంతా ఇంగ్లీషు పిచ్చిరాత.

"తెలుగేది?" అన్నారు ప్రసాదరావు గారు.

"తెలుగు ఫాంటు పెడితే తెలుగైతది" అన్నాడు శ్రీకాంత్.

"అవ్ సార్, ఫాంటు పెడ్తే అదే అయితది" అన్నాడు యాదన్న. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారి. అందుకే కాబోలు అందరం నమ్మేశాం. లాకు బీరువాలో ఉంది. దాన్ని తెచ్చి గుచ్చి, ఒక్కసారి ఫాంటు పెట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. ఆ పిచ్చిరాతలో ప్రశ్నగుర్తులు కూడా ఉన్నాయి. పిచ్చిరాతలో ఏ గుర్తు ఎక్కువో ఎవరు చెప్పగలరు?

"మరి కొట్టాల్నా?" అని అడిగాడు యాదన్న.

"కొట్టేయ్ నాయనా" అన్నారు ప్రసాదరావు గారు.

మార్చిన ఫైళ్ళు మాత్రం సీడీలోకి ఎక్కించుకుని ఫార్మాట్ కొట్టాడు.

లినక్స్ బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వైరస్ రాలేదు, నీలం తెర రాలేదు. కొత్త కీబోర్డు పద్ధతి కూడా నేర్చుకున్నాను. కానీ పెళ్ళిపత్రికకు కావలసిన వంపుల అక్షరాలు అందులో లేవు. 'శ్రీ' ఒకచోట బాగా వచ్చి, ఇంకోచోట ముక్కలయ్యేది. పత్రిక మీద శ్రీ ముక్కలైతే పెళ్ళివాళ్ళు ఊరుకుంటారా? కస్టమర్లు ఒక్కొక్కరే హబ్సిగూడ వైపు పోయారు. వానలు పడేసరికి ప్రసాదరావు గారు ఓడిపోయి, ఈసారి నిజమైన విండోస్ కొని, లాకు మళ్ళీ గుచ్చించారు.

ఆ రోజు నేను అన్నిటికంటే ముందు నాయిన ఫైలు తెరిచి, తెలుగు ఫాంటు పెట్టాను.

అమ?

తెలుగు వచ్చింది. ఒత్తులు రాలేదు.

'అమ్మ' ఉండవలసిన చోట 'అమ?' అని ఉంది. 'తల్లి'కి 'తలి?'. 'వచ్చిన్రు'కు 'వచి?ను?'. పేజీ తర్వాత పేజీ, ప్రతి అక్షరం పాదాల కింద ఉండవలసింది పోయి, దాని పక్కన ఒక కొక్కెం. ఎవరో వచ్చి నాయిన మాటల కాళ్ళు నరికినట్టు అనిపించింది.

శ్రీకాంత్‌కు ఫోను చేస్తే ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు. చాలాసేపు చూసి, తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆ పాత ఫాంటు నిజానికి తెలుగే కాదట. ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు వేషం వేశారు. మనకు తెర మీద 'క' కనిపించినా యంత్రానికి అది ఏదో ఇంగ్లీషు అక్షరమే. తెలుగు వేషాలు ఎక్కువ, ఇంగ్లీషు అక్షరాలు తక్కువ. చోటు చాలక ఒత్తులను తీసుకెళ్ళి ఇంగ్లీషులో లేని వింత గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఉత్త అక్షరాలుగా మార్చిన ప్రోగ్రాము ఆ వింత గుర్తులను చూసి, ఇవేమిటో నాకు తెలియదని, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ప్రశ్నగుర్తు పెట్టి పోయింది. అన్నిటికీ అదే గుర్తు. ల ఒత్తుకూ, న ఒత్తుకూ, ఆ ఫాంటులో అక్షరం తర్వాతే వచ్చే ర ఒత్తుకూ తేడా లేదు.

"ఇది లినక్స్ తప్పు కాదక్కా" అన్నాడు.

"విండోస్ తప్పు గూడ గాదు చెల్లె" అన్నాడు యాదన్న.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ నిజంతో నేనేం చేసుకోను?

దసరా సీడీలు తీసి చూశాం. పసుపు మరకలతో సహా అన్నీ ఉన్నాయి. నాయిన మాట్లాడింది దసరా తర్వాత. ఫార్మాట్ కొట్టిన డిస్కును యాదన్న తన షాపుకు తీసుకెళ్ళి నాలుగు రోజులు తవ్వాడు. ఏమీ దొరకలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. ఆ తర్వాత 'ఫార్మాట్' అన్న మాట మా ప్రెస్సులో అనడం మానేశాడు. "కొత్తగ ఎక్కిస్త" అని మాత్రమే అనేవాడు.

ప్రసాదరావు గారు నన్ను ఓదార్చబోయి ఒక మాట అన్నారు. "మాటలన్నీ ఉన్నాయి కదమ్మా, ఒత్తులేగా, ఊహించి పెట్టుకోవచ్చు." ఆయన మీద నాకు కోపం రాలేదు. అందరిదీ అయితే ఊహించవచ్చు. నాయిన భాష ప్రెస్సులో ఎవరి భాషా కాదు. ఇసుకకూ, ఇనుముకూ, పనిముట్లకూ ఆయన వాడిన మాటలు ఆ ఫ్యాక్టరీ గోడల మధ్య పుట్టినవి. కొన్ని ఉర్దూ, కొన్ని ఎవరో మేస్త్రీ నోట విరిగిన ఇంగ్లీషు. నేను కొట్టాను కానీ నాకు గుర్తులేవు.

తల ఊపడం

నాయినకు చెప్పడానికి వారం పట్టింది. చెప్పాక ఆయన గొంతు మీది గుడ్డ సర్దుకుని, చెయ్యి చాపి, తెమ్మన్నాడు.

ప్రశ్నగుర్తులతోనే ప్రింటు తీశాను. సెలవు రోజుల్లో మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని చదివేదాన్ని. 'అమ్మ', 'అన్న', 'బట్టి' లాంటివి నేనే దిద్దుకున్నాను. తెలియనివి అడిగేదాన్ని. అవునంటే తల ఊపేవాడు. కాదంటే వేలు ఆడించేవాడు.

"ఈ పేరేంది నాయినా? సతె? అని ఉన్నది. సత్తెయ్యనా, సత్తెమా?"

వేలు ఆడించాడు. రెండోది కాదు, మొదటిదీ కాదు. నేను తికమకపడితే, మీసం మెలేసి చూపించాడు.

"ఓ, మీసాల సత్తెన్ననా!"

తల ఊపాడు. భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

ఒకసారి సూపర్‌వైజరు కథ వచ్చింది. "'నేను వాణి? తిటి?న.' ఇది అడిగేదేంది, తిట్టినవ్" అని కలం పెట్టబోయాను. వేలు ఆడించాడు.

"తిట్టలేదా? మరేంది?"

అరచెయ్యి ఎత్తి గాలిలో ఒక్కటి వేశాడు.

"కొట్టినవా? 'తి' అని సాఫ్‌గ ఉన్నది గద నాయినా. అప్పుడు తిట్టిన అని చెప్పి, ఇప్పుడు కొట్టిన అంటవా?"

మళ్ళీ భుజాలు కదిలాయి. పట్టుబట్టాడు. 'కొట్టిన' అనే రాశాను. సూపర్‌వైజరు వచ్చి అడుగుతాడా?

అలా సగం దాకా వచ్చాం. ఆ మధ్యాహ్నాలే ఈ కథలో నాకు మిగిలిన మంచి. కానీ జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. పేజీ చదివేలోపే కళ్ళు మూతపడేవి. 'ల'నా 'న'నా అని నేను అడుగుతుంటే, ఇంకెక్కడికో చూస్తూ తల ఊపేవాడు. దేనికి ఊపుతున్నాడో తెలిసేది కాదు. తర్వాత అడగడం మానేశాను. బాధలో ఉన్న మనిషిని ఒత్తుల కోసం లేపుతానా?

దసరా రాకముందే పోయాడు. అప్పటికి చివరి పేజీలు మిగిలే ఉన్నాయి.

చివరి పేజీ

ఫ్యాక్టరీ మూసిన రోజు గురించి చెప్పింది అది. ఫైలులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'గేటుకు తాళమేసి లక? పోసిను?. మేం బయట కూసున?ం. మసా?న్ గేటు కాడికి పోయి వచి? నా పక?న కూసున?డు. సది? ఇపి?ండు. వాడు నా చేతుల పెటి?న ముద? నేను సచే? దాక మరువ.'

ఒక్క మాట తప్ప అంతా తెలుస్తుంది. గేటుకు తాళమేసి లక్క పోసిన్రు. మేం బయట కూసున్నం. మస్తాన్ గేటు కాడికి పోయి వచ్చి నా పక్కన కూసున్నడు. సద్ది ఇప్పిండు. వాడు నా చేతుల పెట్టిన, ఏమిటది? తన సద్దిలోంచి తీసి పెట్టిన అన్నం ముద్దా? గేటు మీంచి కోపంతో పీక్కొచ్చి చేతిలో పెట్టిన లక్క ముద్రా? మస్తాన్ రెండూ చేయగల మనిషి. ముద్ద అయితే అది ఆకలి కథ. ముద్ర అయితే తిరుగుబాటు కథ. మా నాయిన తన బతుకును ఏ మాటతో ముగించాడో ఆయన కూతురికే తెలియదు.

నాయిన నోట ముద్ర ఎప్పుడూ 'ముద్దరే'. అలా కొట్టి ఉంటే 'ముద?ర' అని మిగలాలి. 'ర' లేదు కాబట్టి ముద్దే అయి ఉంటుందని ఒక పూట ఊరట పడ్డాను. మర్నాడు ప్రెస్సులో ఎవరో 'నిద్దర' అన్నదాన్ని నా వేళ్ళు 'నిద్ర' అని కొట్టడం చూశాను. ఆ ఊరట కూడా పోయింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ప్రసాదరావు గారే పిలిచి, "ఇకనుంచి వచ్చిన్రు అంటే వచ్చిన్రు అనే కొట్టమ్మా, అందరూ అదే అడుగుతున్నారు" అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఇబ్బంది పడ్డారు, పాపం. నాయిన భాష అచ్చులో తలెత్తుకునే రోజు వచ్చేసరికి నా దగ్గర ఆ భాష కాళ్ళు లేకుండా ఉంది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఇప్పుడు తెలుగు ఏ ఫోనులోనైనా వస్తుంది, లాకులు లేవు, లినక్స్‌లో కూడా శ్రీ చక్కగా వస్తుంది. మీ ప్రెస్సుల్లో ఇప్పటికీ ఇవే వాదనలు వినిపిస్తాయి. ఏది భద్రం, ఏది చవక, ఏది ఆగకుండా నడుస్తుంది అని. వాదించుకోనివ్వండి. మీరు మాత్రం ఫైలు తెరిచి, తెలుగులో, పైకి చదివి చూడండి. ఆ తర్వాతే పాతది తీసేయనివ్వండి. ఇలా చేస్తే అన్నీ నిలుస్తాయని నేను చెప్పను. ఆ నమ్మకం నాకు పోయింది. పాత లాకులతో కొట్టిన తెలుగు ఈ ఊరి బీరువాల్లో ఎంత పడి ఉందో, దాన్ని తెరిచేవాళ్ళు ఎవరున్నారో నాకు తెలియదు.

మొన్న ఆ పుస్తకం వేయించాను. మా ఇళ్ళ వరకు సరిపోయేన్ని ప్రతులు. నేను కొట్టలేను కాబట్టి ఉప్పల్‌లో వేరే ప్రెస్సుకు ఇచ్చాను. అక్కడి ఆపరేటరు, నా కూతురు వయసు మనిషి, ఫోను చేసింది.

"అమ్మా, ఆఖరి లైనుల 'ముద' పక్కన క్వశ్చన్ మార్కు పడ్డది. తప్పనుకుంట. తీసేద్దునా?"

"తియ్యకు తల్లీ, ఉండనియ్యి."

"మరి 'ముద' అంటే ఏందమ్మా? మిషిని 'ముద్దు' అని సూపిస్తున్నది. అదే పెట్టాల్నా?"

"వద్దు."

"మరేం పెట్టమంటరు?"

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఆ చివరి పేజీ తీసి చూశాను. అటు నుంచి కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆమె నా మాట కోసం వేళ్ళు ఎత్తి కూర్చుని ఉంటుంది.